మనస్సాక్షిలో గుచ్చుకునే రాయి: పాపభీతి జబ్బుగా మారినప్పుడు ఒకే గురువు ఎందుకు?

లాటిన్ భాషలో 'స్క్రుపులస్' అంటే మొనదేలిన చిన్న రాయి. చెప్పులో దూరిన అలాంటి రాయి పెద్ద గాయం చేయదు. కానీ అడుగు వేసిన ప్రతిసారీ గుచ్చుతుంది. తప్పు చేయకపోయినా 'చేశానేమో' అన్న అనుమానం మనిషిని ఇలాగే గుచ్చుతూ ఉంటే, ఆ స్థితికి క్రైస్తవ గురువులు కొన్ని శతాబ్దాల క్రితమే ఈ రాయి పేరు పెట్టారు. మనోవైద్యులు ఇప్పుడు దాన్ని 'స్క్రుపులాసిటీ' అంటున్నారు. అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్ అనే మానసిక సమస్య, అంటే ఓసీడీ, మతం, నీతి విషయాల్లో బయటపడే రూపం ఇది.

చేతులు పదేపదే కడుక్కోవడం, తలుపు గడియ మళ్లీ మళ్లీ చూసుకోవడం వంటి ఓసీడీ లక్షణాలు చాలామందికి తెలుసు. స్క్రుపులాసిటీ అంత తేలిగ్గా కంటపడదు. చూసేవారికి అది భక్తిలాగే కనిపిస్తుంది. కతోలిక క్రైస్తవుల్లో ఇది ఎక్కువగా పాప సంకీర్తనం చుట్టూ తిరుగుతుంది. శనివారం సాయంత్రం గురువు ముందు పాపాలు చెప్పుకుని బయటికి వచ్చిన పది నిమిషాలకే మనసులో ప్రశ్నలు మొదలవుతాయి. 'ఆ విషయం సరిగ్గా చెప్పానా? ఎన్నిసార్లు చేశానో తక్కువ చేసి చెప్పానేమో? నిజంగా పశ్చాత్తాపపడ్డానా?' ఆదివారం పూజలో దివ్య సత్ప్రసాదం తీసుకోవాలంటే భయం. మళ్లీ గురువు దగ్గరికి పరుగు. ఆయన విసుక్కుంటారేమో అనిపిస్తే పక్క ఊరి చర్చికి.

ఇలాంటివారికి కతోలిక సంప్రదాయం చాలాకాలంగా ఇస్తున్న సలహా ఒకటుంది: ఒకే గురువును ఎంచుకోవాలి, ఆయన మాట మీద నిలబడాలి. ఇది కేవలం విధేయతకు సంబంధించిన మాట అనిపించవచ్చు. కానీ గత 60 ఏళ్లలో మనస్తత్వశాస్త్రం చేసిన ప్రయోగాలను పక్కన పెట్టి చూస్తే, ఈ సలహా ఎందుకు పని చేస్తుందో, ఎప్పుడు పని చేయదో కూడా అర్థమవుతుంది.

అనుమానానికి చోటు ఎక్కడ?

ప్రతి కతోలికుడూ ఏడాదికి ఒక్కసారైనా పాప సంకీర్తనం చేయాలని 1215లో జరిగిన నాలుగో లాటరన్ మహాసభ నిర్ణయించింది. నేటి సంఘ చట్టం ప్రకారం ఘోర పాపాలను ఏ రకమైనవి, ఎన్నిసార్లు జరిగాయి అన్న వివరంతో చెప్పాలి. ఒక పని ఘోర పాపం కావాలంటే మూడు షరతులు ఉండాలి: విషయం తీవ్రమైనదై ఉండాలి, అది తప్పని పూర్తిగా తెలిసి ఉండాలి, మనసారా ఒప్పుకుని చేసి ఉండాలి.

చాలామందికి ఈ షరతులు ఊరటనిచ్చేవే. తెలియక జరిగింది, అనుకోకుండా జరిగింది ఘోర పాపం కాదని అవి చెబుతున్నాయి. స్క్రుపులాసిటీ ఉన్నవారికి మాత్రం అవే ఉచ్చులవుతాయి. 'పూర్తిగా తెలిసే చేశానా? ఆ క్షణంలో నా మనసు ఒప్పుకుందా?' వంటి ప్రశ్నలకు బయట ఎక్కడా రుజువు దొరకదు. తలుపు గడియ వేసిందో లేదో కంటితో చూడవచ్చు. నిన్నటి మనసు ఎలా ఉందో చూడటానికి దారి లేదు. నూటికి నూరుపాళ్లు నిశ్చయం కావాలని పట్టుబట్టే జబ్బుకు, నిశ్చయం దొరకని చోటు ఎదురైతే ఏమవుతుందో ఊహించవచ్చు. అనుమానానికి అంతం ఉండదు.

పిలవకుండా వచ్చే ఆలోచన

పూజ జరుగుతుండగా దేవుణ్ని తిట్టాలన్న ఆలోచన తళుక్కుమనడం, పవిత్రమైన పటం చూడగానే అసభ్యమైన బొమ్మ మనసులో మెదలడం వంటివి జరిగినప్పుడు, అలాంటి ఆలోచన తనకొక్కడికే వచ్చిందని, తాను చెడ్డవాడు కాబట్టే వచ్చిందని మనిషి అనుకుంటాడు. పరిశోధనలు దీనికి భిన్నంగా చెబుతున్నాయి.

1978లో స్టాన్లీ రాక్మన్, పద్మల్ డి సిల్వా అనే పరిశోధకులు ఏ మానసిక సమస్యా లేనివారిని అడిగి చూశారు. దాదాపు 80 శాతం మంది తమకూ ఇలాంటి అవాంఛిత ఆలోచనలు వస్తాయని చెప్పారు. విషయం దృష్ట్యా అవి రోగుల ఆలోచనలకు పెద్దగా భిన్నంగా లేవు. 2014లో 13 దేశాలకు చెందిన 777 మంది విశ్వవిద్యాలయ విద్యార్థులపై వెలువడిన మరో అధ్యయనంలో సుమారు 94 శాతం మంది అంతకుముందు మూడు నెలల్లో ఒక్కసారైనా ఇలాంటి ఆలోచన వచ్చిందన్నారు.

అంటే ఆలోచన రావడం జబ్బు కాదు. దానికి ఇచ్చే అర్థంలోనే తేడా ఉంది. 'ఇదేం పిచ్చి ఆలోచన' అనుకుని ఎక్కువమంది వదిలేస్తారు. కొందరు మాత్రం ఆలోచన వచ్చిందంటే ఆ పని చేసినట్టే అనుకుంటారు. ఆలోచననూ చేతనూ ఒకటిగా చూసే ఈ ధోరణిని పరిశోధకులు 1996లో కొలిచి చూపించారు. ఆలోచనను బలవంతంగా అణచడం కూడా మేలు చేయదు. 1987లో అమెరికన్ శాస్త్రవేత్త డేనియల్ వెగ్నర్ కొందరిని ఐదు నిమిషాలపాటు తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించవద్దన్నారు. వారు దాన్ని మనసులోంచి తోలలేకపోయారు. పైగా తర్వాత దాని గురించి ఆలోచించవచ్చని చెప్పినప్పుడు, మొదటి నుంచీ ఆ అనుమతి ఉన్నవారికన్నా ఎక్కువగా ఆలోచించారు. 'చెడు ఆలోచన రాకూడదు' అని పంతం పట్టే భక్తుడి పరిస్థితీ ఇదే.

మళ్లీ చూసేకొద్దీ మసకబారే జ్ఞాపకం

భయం కలిగినప్పుడు గురువు దగ్గరికి వెళ్లి చెప్పుకుంటే గుండె తేలికపడుతుంది. ఆ ఊరట నిజమే. చిక్కు అక్కడే ఉంది. భయం వేసినప్పుడల్లా ఫలానా పని చేస్తే తగ్గుతుందని మెదడు నేర్చుకుంటుంది. తర్వాతిసారి భయం ఇంకా తొందరగా వస్తుంది, అదే పని కోసం ఇంకా గట్టిగా తొందరపెడుతుంది. చేతులు కడుక్కోవడం అయినా, చెప్పిన పాపం మళ్లీ చెప్పడం అయినా మెదడుకు పాఠం ఒకటే.

మళ్లీ మళ్లీ చూసుకోవడం వల్ల నిశ్చయం పెరగకపోగా తగ్గుతుందని నెదర్లాండ్స్ పరిశోధకులు మార్సెల్ వాన్ డెన్ హౌట్, మెరెల్ కింట్ 2003లో నిరూపించారు. వారి ప్రయోగంలో పాల్గొన్నవారు కంప్యూటర్ తెర మీద గ్యాస్ పొయ్యిని వెలిగించి, ఆర్పి, ఆరిందో లేదో చూడాలి. ఒక బృందం పొయ్యినే పదేపదే పరీక్షించింది. మరో బృందం మధ్యలో విద్యుత్ దీపాలను పరీక్షించింది. చివరగా పొయ్యి గురించి అడిగితే రెండు బృందాలూ దాదాపు ఒకే స్థాయిలో సరిగ్గా చెప్పాయి. కానీ పొయ్యినే పదేపదే చూసినవారికి ఆ జ్ఞాపకం మసకగా అనిపించింది, దాని మీద నమ్మకం తగ్గింది. నిజమైన పొయ్యితో తర్వాత చేసిన ప్రయోగంలోనూ ఇదే తేలింది.

ఇవి పాప సంకీర్తనం మీద చేసిన ప్రయోగాలు కావు. అయినా చిక్కుముడి తీరు ఒకటే. పాత పాపాన్ని పదోసారి చెప్పినవారికి అసలు సంఘటన కన్నా, దాన్ని చెప్పిన పది సందర్భాలే కలగాపులగంగా గుర్తుంటాయి. 'ఈసారి స్పష్టంగా చెబితే ఇక అయిపోతుంది' అన్న ఆశతో వెళ్లినవారు ఇంకా ఎక్కువ మసకతో తిరిగి వస్తారు.

మన్రేసాలో ఇగ్నేషియస్ నేర్చుకున్న పాఠం

ఈ బాధ కొత్తది కాదు. మార్టిన్ లూథర్ సన్యాసిగా ఉన్న రోజుల్లో తన గురువు యోహాన్ వాన్ స్టౌపిట్స్ ఎదుట గంటల తరబడి పాపాలు చెప్పుకునేవాడు. అయితే రోగం తీరును, దాని మందును కూడా వివరంగా చెప్పింది యేసు సభ స్థాపకుడు పునీత ఇగ్నేషియస్ లొయోలా.

1521లో పాంప్లోనా కోట యుద్ధంలో ఫిరంగి గుండు తగిలి గాయపడిన ఈ స్పెయిన్ సైనికుడు, కోలుకున్నాక భక్తి మార్గం పట్టాడు. 1522లో మోన్సెరాత్ మఠంలో మూడు రోజులపాటు తన జీవితకాల పాపాలను రాసుకుని మరీ చెప్పాడు. అయినా మన్రేసా పట్టణం చేరాక అనుమానాలు చుట్టుముట్టాయి. ఏదో చెప్పకుండా వదిలేశానన్న భయం. చెప్పినదే మళ్లీ చెప్పడం. మనసు కుదుటపడకపోవడం. ఒక దశలో ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన కూడా వచ్చిందని ఆయన చివరి రోజుల్లో తన ఆత్మకథ చెబుతూ దాచకుండా చెప్పాడు.

ఆ కథలో ఒక చిన్న వివరం నేటి చికిత్సకులకు కూడా పాఠమే. పాత పాపాలను ఇక చెప్పవద్దని గురువు ఆజ్ఞాపించాడు. అయితే 'చాలా స్పష్టంగా ఉన్నవి తప్ప' అన్నాడు. ఇగ్నేషియస్‌కు తన పాపాలన్నీ చాలా స్పష్టంగానే కనిపించేవి. కాబట్టి ఆ ఆజ్ఞ వల్ల ప్రయోజనం లేకపోయింది. చిన్న సందు వదిలితే అనుమానం అందులోంచే దూరుతుంది. దేవుడు మనశ్శాంతి ఇచ్చేదాకా తినకూడదని ఆయన వారం రోజులు ఉపవాసం ఉంటే, గురువు దాన్ని మాన్పించాడు. రెండు రోజులు తెరిపి దొరికి, మూడో రోజు అనుమానాలు తిరిగొచ్చాయి. చివరికి గతంలోని ఏ పాపాన్నీ ఇక చెప్పకూడదని ఆయన పూర్తిగా తీర్మానించుకున్నాడు. అప్పటి నుంచి ఆ బాధ నుంచి విముక్తి పొందాడు.

తర్వాత రాసిన 'ఆధ్యాత్మిక సాధనలు' గ్రంథంలో ఆయన ఒక తేడా చూపించాడు. నేల మీద అడ్డదిడ్డంగా పడి సిలువ ఆకారంలో ఉన్న గడ్డిపోచలను పొరపాటున తొక్కి, అది పాపమని నిర్ణయించుకోవడం కేవలం తప్పుడు తీర్పు. పాపం కాదని ఒక పక్క తెలుస్తూనే, మరో పక్క చేశానేమోనని నలిగిపోవడమే అసలైన స్క్రుపులస్. అది వచ్చినప్పుడు దానికి లొంగకుండా, దానికి ఎదురు దిశలో నడవాలని ఆయన సలహా.

ఒకే గురువు వల్ల ఏం మారుతుంది?

18వ శతాబ్దంలో ఇటలీకి చెందిన పునీత అల్ఫోన్సుస్ లిగోరి కూడా జీవితాంతం ఇలాంటి అనుమానాలతో బాధపడ్డాడు. ఆయనే నీతిశాస్త్రంలో గొప్ప పండితుడు కావడం విశేషం. తన మనసు చెప్పే తీర్పు కన్నా గురువు మాటను నమ్మాలన్నది ఆయన బోధ. ఆయన స్థాపించిన రెడెంప్టరిస్టు సభ గురువులు అమెరికాలో 1960లలో 'స్క్రుపులస్ అనానిమస్' పేరుతో ఇలాంటివారి కోసమే ఒక చిన్న పత్రిక మొదలుపెట్టారు.

1966లో బ్రిటన్ మనస్తత్వశాస్త్రవేత్త విక్టర్ మేయర్ ఇద్దరు ఓసీడీ రోగులకు కొత్త పద్ధతిలో చికిత్స చేసి ఫలితాలు ప్రకటించాడు. వారిలో ఒకరిని వేధించినవి దైవదూషణ ఆలోచనలే. భయపెట్టే విషయానికి ఎదురుగా నిలబెట్టి, భయం తగ్గించుకోవడానికి చేసే తంతును చేయనివ్వకుండా ఆపడం ఆ పద్ధతి. ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్, క్లుప్తంగా ఈఆర్‌పీ, పేరుతో అదే ఇప్పుడు ఓసీడీకి ప్రధాన మానసిక చికిత్స. తంతు చేయకపోయినా భయం దానంతటదే దిగుతుందని, అనుమానం తీరకపోయినా బతకవచ్చని మెదడు ఇందులో అనుభవంతో నేర్చుకుంటుంది.

ఒకే గురువు దగ్గరికి వెళ్లడంలో ఈ సూత్రాలు కొన్ని ఇమిడి ఉన్నాయి. గురువుకు గతం తెలుసు కాబట్టి ప్రతిసారీ మొదటి నుంచి చెప్పాల్సిన పని లేదు. రెండో అభిప్రాయం కోసం ఊరూరా తిరిగే దారి మూసుకుపోతుంది. ప్రశాంతంగా ఉన్నప్పుడే నియమాలు పెట్టుకోవచ్చు కాబట్టి, భయం పట్టిన వేళ కొత్తగా తీర్పు చెప్పుకోవాల్సిన అవసరం ఉండదు. వీటన్నిటికన్నా ముఖ్యం, తెలిసిన గురువు 'ఇది పాత సంగతే, చెప్పొద్దు' అని ఆపగలడు. కొత్త గురువుకు ఆ వీలు లేదు. ఆయనకు అది మామూలు పాప సంకీర్తనంలాగే కనిపిస్తుంది, విని పాప విమోచనం ఇచ్చి పంపుతాడు. తెలియకుండానే జబ్బుకు మేత వేస్తాడు.

అయితే ఒకే గురువు ఉన్నంత మాత్రాన సరిపోదు. అడిగినప్పుడల్లా 'అది పాపం కాదులే అమ్మా' అని ఓపికగా వంద సార్లు చెప్పే గురువు మంచివాడే కావచ్చు, కానీ ఆ ఓదార్పే కొత్త తంతుగా మారుతుంది. ఇంట్లోవాళ్లు పదేపదే ధైర్యం చెప్పడం వల్ల ఓసీడీ బలపడుతుందని వైద్యులు గుర్తించారు. ఇక్కడా అంతే. ఒక్కసారి చెప్పి, రెండోసారి అడిగితే దయతోనే జవాబు నిరాకరించే గురువు వల్ల ఎక్కువ మేలు.

అలాంటి గురువును వెతకడం ఎలా?

ఏ గురువు దగ్గర పాప సంకీర్తనం చేయాలన్నది విశ్వాసి ఇష్టమని సంఘ చట్టం చెబుతోంది. సొంత విచారణ గురువే కావాలన్న నియమం లేదు. దగ్గర్లోని మఠానికి, సెమినరీకి చెందిన గురువు కావచ్చు. పేరు, పాండిత్యం కన్నా నిలకడ ముఖ్యం. ఓసీడీ గురించి విన్నవారైతే మేలు. వినకపోయినా తెలుసుకోవడానికి సిద్ధపడితే చాలు. నరకాన్ని గుర్తుచేసి భయపెట్టేవారు, సమస్యను నవ్వి కొట్టిపారేసేవారు ఇందుకు తగరు.

మొదటి మాట పాప సంకీర్తనంలో కాకుండా బయట, తీరిగ్గా జరగడం మంచిది. దీనికి కారణం ఉంది. పాప సంకీర్తనంలో విన్నది గురువు ఎవరికీ చెప్పకూడదు, వైద్యుడికి కూడా. ఆ ముద్రను మీరడానికి ఎలాంటి మినహాయింపూ లేదు. గురువు, చికిత్సకుడు కలిసి మాట్లాడుకోవాలంటే, ఆ సంగతులు బయట చెప్పి, మాట్లాడేందుకు అనుమతి కూడా ఇవ్వాలి.

ఆ మొదటి మాటల్లోనే కొన్ని విషయాలు తేల్చుకోవాలి. ఎన్ని రోజులకోసారి రావాలి, ఎంతసేపు మాట్లాడాలి అన్నది ముందే అనుకోవాలి. పాత పాపాలు చెప్పకూడదన్న నియమానికి మినహాయింపులు ఉండకూడదు. ఘోర పాపమో కాదో అనుమానం ఉన్నదాన్ని ఇలాంటివారు చెప్పనక్కరలేదని కతోలిక నీతిశాస్త్రం చాలాకాలంగా చెబుతూనే ఉంది. గురువు ఈ మాట స్పష్టంగా చెబితే దాన్ని కాగితం మీద రాసుకోవచ్చు. రెండు పాప సంకీర్తనాల మధ్య ఫోన్లు, వాట్సాప్ సందేశాలు వద్దన్న ఒప్పందం కూడా కావాలి. లేకపోతే తంతు చర్చి నుంచి ఫోన్‌లోకి మారుతుంది, అంతే.

తెలుగు రాష్ట్రాల్లో మరో చిక్కు ఉంది. పల్లెల్లో ఒకే గురువు అనేక ఊళ్లు చూసుకుంటాడు, కొన్నేళ్లకోసారి బదిలీ అవుతాడు. బదిలీ జరిగితే కొత్త గురువుకు జీవితకాల పాపాలన్నీ మళ్లీ చెప్పాలనిపించడం సహజం. అది చేయకూడదు. తన సమస్య ఏమిటో, పాత గురువు పెట్టిన నియమాలేమిటో చెబితే చాలు.

గురువు వైద్యుడు కాడు

అనుమానాలు, తంతులు రోజుకు గంటకు మించి సమయం తింటున్నా, చదువు, ఉద్యోగం, నిద్ర దెబ్బతింటున్నా, భయంతో పూజకు వెళ్లడమే మానేస్తున్నా మనోవైద్యుణ్ని కలవాలి. స్క్రుపులాసిటీ తీవ్రతను అంచనా వేయడానికి 2002లో రూపొందించిన 19 అంశాల ప్రశ్నావళి ఒకటుంది. పాపం చేస్తానేమోనన్న భయాన్ని, దేవుడు శిక్షిస్తాడేమోనన్న భయాన్ని అది విడివిడిగా కొలుస్తుంది. చికిత్సలో ఈఆర్‌పీతో పాటు సెరటోనిన్‌పై పనిచేసే ఎస్ఎస్ఆర్ఐ మందులు వాడతారు. ఇవి ప్రభావం చూపడానికి సాధారణంగా 8 నుంచి 12 వారాలు పడుతుంది. రెండు వారాలకే 'పని చేయలేదు' అని మానేయడం పొరపాటు.

చికిత్స పేరుతో తమ చేత పాపం చేయిస్తారేమో, విశ్వాసం వదలమంటారేమో అని చాలామంది భయపడతారు. మంచి చికిత్సకుడు అలా చేయడు. ఆ సంప్రదాయంలో మామూలు భక్తుడు ఎలా నడుచుకుంటాడో అదే లక్ష్యంగా పెట్టుకుంటాడు. ప్రార్థనలో మాట తడబడినా మళ్లీ మొదలుపెట్టకుండా ముందుకు సాగడం, అనుమానం ఉన్నా సత్ప్రసాదం తీసుకోవడం వంటివే అందులో అభ్యాసాలు. ఏది మామూలు, ఏది తంతు అన్నది తేల్చడానికి చికిత్సకుడికి గురువు సాయం కావాలి. గురువు ఆపలేని భయాన్ని దించడానికి గురువుకు చికిత్సకుడి సాయం కావాలి.

బెంగళూరులోని నిమ్హాన్స్‌లో ఓసీడీకి ప్రత్యేక క్లినిక్ ఉంది. కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ సహాయ కేంద్రానికి 14416 నంబరులో ఏ వేళైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనూ మాట్లాడవచ్చు. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వస్తే తర్వాతి పాప సంకీర్తనం దాకా ఆగకుండా అదే రోజు ఇంట్లోవాళ్లకు, వైద్యుడికి చెప్పాలి.

మతమే కారణమా?

ఈ జబ్బు ఒక్క మతానిది కాదు. ఇస్లాంలో వుజూ సరిగ్గా కాలేదేమోనని మళ్లీ మళ్లీ చేసే అనుమానాన్ని 'వస్వాస్' అంటారు. మడి చెడిందేమోనని రోజుకు పలుమార్లు తలస్నానం చేసేవారు మన ఇళ్లలోనూ కనిపిస్తారు. వారిది చాదస్తమని నవ్వేస్తారు, లేదా నిష్ఠ అని మెచ్చుకుంటారు. రెండు విధాలుగానూ బాధ మాత్రం మరుగున పడుతుంది. మనిషికి ఏది అన్నిటికన్నా విలువైనదో ఓసీడీ దాన్నే పట్టుకుంటుంది. తల్లికి బిడ్డ క్షేమం, భక్తుడికి దేవుడితో బంధం.

అందుకే కోలుకోవడం అంటే భక్తి తగ్గడం కాదు, అనుమానాలు పూర్తిగా మాయం కావడమూ కాదు. అనుమానం ఇంకా వస్తూనే ఉంటుంది. కానీ పాప సంకీర్తనం అరగంట నుంచి ఐదు నిమిషాలకు వస్తుంది. శనివారం చెప్పుకున్న పాపం ఆదివారం పూజ దాకా వెంటాడినా, మనిషి లేచి వెళ్లి సత్ప్రసాదం తీసుకుంటాడు. ఆ తర్వాత ఇంటికి వెళ్లి భోజనం చేస్తాడు.